నెక్కొండలో ఆరు తూటాలు

ఆ ఫొటో మీలో కొందరైనా చూసే ఉంటారు. నేల మీద చచ్చిన పెద్దపులి. దాని దగ్గర నిలబడ్డ దొర, దొరసాని. దొర అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్. దొరసాని ఆయన భార్య మేరీ. తీసింది నిజాం కొలువులో ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్. ఫొటో వివరాల్లో ఉన్న ఊరి పేరు దగ్గర మాత్రం చాలామంది ఆగరు. నెక్కొండ దగ్గర, వరంగల్, 1902 ఏప్రిల్-మే.

మన నెక్కొండే. నర్సంపేటకు దగ్గరలో, కాజీపేట నుంచి డోర్నకల్ పోయే రైలు దారి మీద ఉన్న నెక్కొండ.

ఆ ఏడాది మార్చి 30న కర్జన్ హైదరాబాద్ రెసిడెన్సీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో ముఖాముఖి కూర్చున్నాడు. బేరార్ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు ఒప్పించి లేచాడు. కాగితాల మీద సంతకాలు నవంబర్ 5న పడ్డాయి కానీ అసలు వేట ఆ గదిలోనే అయిపోయింది. అక్కడ గురి తప్పలేదు. ఆ తర్వాతే ఈ అడవి వేట. 1889లో బెజవాడ దాకా పూర్తయిన నిజాం రైలు ఉంది కనక దొరల డేరాలు, వంట సామాను, తుపాకుల పెట్టెలు నెక్కొండ దాకా సుఖంగా వచ్చేవి. అక్కడి నుంచి పాకాల దిక్కు అడవి. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు చుట్టూ అల్లుకున్న అడవి అది. అప్పట్లో పులులకు కొదవ లేదు.

ఫొటోలో నాకు కావలసింది ఒక్కటే, దానికి ముందు రోజు. ఇక్కడ చెప్పబోయే మనుషులకు పేర్లు పెట్టలేదు. వాళ్ల మాటలు నేను అల్లినవి. వాళ్లు చేసిన పని మాత్రం ఆ కాలపు షికారు డేరాల్లో చేతులు కాల్చుకుంటూ చేసిన పనే.

*

ఎండిన చెరువు. నెర్రెలు విచ్చిన ఒండ్రు మట్టి. కట్టకు ఆనించి బండి పలక ఒకటి నిలబెట్టారు. దానికి సున్నం పూసి, నడుమ బొగ్గుతో అరచేయంత గుండ్రం గీశారు. ఇటు వంద గజాల దూరంలో తుమ్మచెట్టు కింద నులక మంచం. మంచం పక్కన గొంతుక్కూర్చున్న ముసలాయన తుపాకుల మిస్త్రీ. షికారుకు వచ్చే దొరల ఆయుధాలు తుడిచి, విప్పి, బిగించి, సరిచూసి ఇవ్వడం ఆయన కొలువు. ఎడ్లబండి నుంచి తూటాల పెట్టె మోసుకొచ్చిన ఇరవయ్యేళ్ల పిల్లగాడిది ఆ ఊరే. పట్వారీ పిలిపించాడు. పిలుపంటే వెట్టి. కూలి అడిగేది లేదు, రానని అనేది లేదు. ఈ పొద్దు పెట్టె మోయాలి, రేపు తెల్లారి హాకాలో, అంటే పులిని మంచె వైపు తరిమే గుంపులో, డప్పు పట్టుకుని నడవాలి.

“ఎన్ని తూటలు పేలుస్తవు మిస్త్రీ సాబ్?”

“ఆరు. ఒక్కటెక్కువైనా నా చర్మం ఒలుస్తరు.”

అడవిలో దున్నదూడను కట్టేశారు. పులి రాత్రి వచ్చి కొట్టింది, సగం తిని పక్క వాగులోనే పడుకుంది. జాడ తీసిన షికారీలు పొద్దున్నే కబురు తెచ్చారు. అలాంటప్పుడు అటువైపు గొడ్డలి చప్పుడు కూడా కాకూడదు. అందుకే రెండు కోసుల దూరం వచ్చి, కట్టను అడ్డం పెట్టుకుని ఆరంటే ఆరు తూటాలతో తుపాకీ మంచిచెడ్డలు తేల్చాలి. తుపాకీ ఎవరిదో అనుకునేరు, కర్జన్‌ది కాదు. వెంట వచ్చిన అతిథి దొరల్లో ఒకరిది. పోయిన వారం దుప్పి మీద రెండు సార్లు కాల్చి రెండు సార్లూ తప్పాడు. తప్పు తుపాకీదని తేల్చాడు. తుపాకీకి నోరు లేదు కదా.

అది రెండు గొట్టాల లండన్ తుపాకీ. అయిదు కిలోల బరువు. నల్లటి తుపాకీ మందు కాలం పోయి, పొగ రాని కార్డైట్ మందు పెద్ద షికారు తుపాకుల్లోకి వచ్చి అప్పటికి నాలుగైదేళ్లు. 1898లో లండన్‌లో జాన్ రిగ్బీ కొట్టు తెచ్చిన .450 రకం ముప్పై గ్రాములు దాటిన గుండును సెకనుకు 650 మీటర్ల వేగంతో విసిరేది. ఆ పాత మందు తుపాకులకు ఈ వేగం కల్లో మాట.

మిస్త్రీ మంచం పట్టె మీద గొట్టాన్ని ఆనించి కుడి గొట్టం పేల్చాడు. కట్ట మీద దుమ్ము లేచింది. పిల్లగాడు ఉరికి చూసి చేతులు పైకెత్తాడు. పలకకు పైన, జానెడు ఎత్తున మట్టిలో తగిలింది.

ముసలాయన తన నెత్తి మీద తనే కొట్టుకున్నాడు.

“నా గలతీ. తుపాకి తప్పు లేదు.”

రెండు తప్పులు ఒక్క తూటాలో జరిగాయి. గట్టి కర్ర మీద ఇనుప గొట్టాన్ని నేరుగా ఆనిస్తే పేలేటప్పుడు అది కర్రను తన్నుకుని పైకి ఎగురుతుంది, గుండూ పైకే పోతుంది. పైగా గొట్టం లోపల నిన్న రాసిన నూనె అలాగే ఉంది. నూనె గొట్టంలోంచి పోయే మొదటి గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. దాన్ని చూసి గురి రేకు కదిపేవాడు పిచ్చివాడు. మిస్త్రీ ఊక నింపిన గోనె సంచి మంచం మీద వేయించాడు. దాని మీద తన ఎడమ చేయి, చేతి మీద తుపాకీ కర్ర. గొట్టానికి ఏదీ తగలకూడదు. కమ్మీకి గుడ్డ చుట్టి రెండు గొట్టాలూ పొడిగా తుడిచాడు.

రెండో తూటా, కుడి గొట్టం. ఎత్తు సరిగ్గా వచ్చింది. బొగ్గు గుండ్రానికి ఎడమగా మూడు వేళ్ల దూరం.

మూడో తూటా, ఎడమ గొట్టం. అదే ఎత్తు. కుడిగా మూడు వేళ్లు.

మిస్త్రీ మీసం కొరుకుతూ కూర్చున్నాడు. ఈ లెక్క తెలిస్తేనే తర్వాత ఆయన చేసింది అర్థమవుతుంది కాబట్టి నేనూ ఇక్కడ కాసేపు కూర్చుంటాను.

రెండు గొట్టాల తుపాకీ జోడెడ్ల లాంటిది. ఒకే కాడికి కట్టినా ఏ ఎద్దు లాగుడు దానిదే. కుడి గొట్టం పేలితే తుపాకీ మొత్తం పైకీ కుడికీ తన్నుతుంది, ఎడమది పేలితే పైకీ ఎడమకీ. గుండు గొట్టం దాటి బయటపడేలోపే ఆ తన్ను మొదలైపోతుంది. అందుకని తయారుచేసేవాడు రెండు గొట్టాలనూ మూతుల వైపు ఒకదానికొకటి కాస్త మొగ్గేలా అతికిస్తాడు. మూతుల మధ్య సన్నటి చీలిక దూర్చి, కాల్చి చూసి, టంకం కరిగించి, చీలికను ఒక వెంట్రుకవాసి జరిపి మళ్లీ కాలుస్తాడు. రెండు గుళ్లూ ఒక చోట పడేదాకా ఇదే పని. తన్ను ఎంత పక్కకు లాగుతుందో, గొట్టం అంతే లోపలికి మొగ్గి ఉంటుంది. రెంటికీ చెల్లు.

అయితే ఈ చెల్లు ఒకే రకం తూటాకు, ఒకే వేగానికి. గుండు వేగం పెరిగితే తన్ను పూర్తిగా పక్కకు లాగేలోపే అది మూతి దాటేస్తుంది. అప్పుడు కుడి గొట్టం గుండు ఎడమకు, ఎడమ గొట్టం గుండు కుడికి పడతాయి. మందు బలహీనమై వేగం తగ్గితే దీనికి తిరగబడి కుడిది కుడికే, ఎడమది ఎడమకే జరుగుతాయి. పలక మీద రెండు బొక్కలు చూసి తుపాకీ కడుపులో ఏముందో చెప్పగలిగిన వాడే మిస్త్రీ. నాడి పట్టుకుని వాతమో పిత్తమో చెప్పే వైద్యుడి లాగానే.

ముసలాయనకు అనుమానం వచ్చింది. అయినా వెంటనే దాని మీద పడలేదు. ముందు మరలు చూశాడు. లండన్ చలిలో కోసిన అక్రోటు కర్ర వరంగల్ ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోతుంది, మర వదులవుతుంది. అడుగున ఉన్న పెద్ద మర అర చుట్టు తిరిగింది. బిగించాడు.

“ఇగ సక్కగైతదా?”

“తెల్వది. ఒక్కపారి ఒక్కటే మార్చాలె బేటా. రెండు మారిస్తే ఏది రోగమో, ఏది మందో ఎట్ల తెలుస్తది?”

నాలుగో తూటా, కుడి గొట్టం. మళ్లీ ఎడమకే, మళ్లీ మూడు వేళ్లే. మర వదులైన మాట నిజమే, రోగం మాత్రం అది కాదు.

అప్పుడు తూటాల పెట్టె మీద చేయి వేశాడు. చటుక్కున తీసుకున్నాడు. పొద్దుటి నుంచి ఎడ్లబండిలో, పైన కప్పు లేకుండా వచ్చిన రేకు పెట్టె అది. రొట్టె కాల్చుకోవచ్చు.

కార్డైట్‌తో ఉన్న తంటా అదే. ఎండలో మాడిన మందు వేగంగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, గుండు తొందరపడుతుంది. చలిదేశంలో లెక్కగట్టిన తుపాకీ మన ఏప్రిల్‌లో మాట వినదు. పేలిన ఇత్తడి గొట్టం ఒక్కోసారి తుపాకీలోనే బిగుసుకుని బయటికి రాదు కూడా. గాయపడ్డ పులి ఎదురుగా ఉన్నప్పుడు అది రాకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లండన్ కొట్లు తర్వాత తర్వాత మన దేశం కోసమే మందు తగ్గించిన వేడిదేశపు తూటాలు చేశాయంటే ఇలాంటి చేదు అనుభవాల వల్లనే.

“తూటలు కాలుతున్నయా?” అన్నాడు పిల్లగాడు, తనూ ముట్టి చూసి.

“తూటలు కాలుతలేవు. ఉడుకుతున్నయి. మంచినీళ్ల కుండ పట్టుకరా.”

పెట్టెను తుమ్మనీడకు జరిపి, తడి గోనె చుట్టి, కుండకు ఆనించి పెట్టారు. నీళ్లు లోపలికి పోకుండా మూతకు మైనం గుడ్డ చుట్టారు. తుపాకీని విప్పి గొట్టాలు నీడలో ఆరబెట్టారు. అవీ కాగి ఉన్నాయి మరి. ఇక పొద్దు వాలేదాకా చేసే పని ఏమీ లేదు. పిల్లగాడు మూటలోని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తీసి సగం ముసలాయనకు పెట్టాడు.

“సాబ్, నిషానా తప్పితే ఏమైతది?”

మిస్త్రీ చాలాసేపు నమిలాడు.

“మంచె మీద దొర కూసుంటడు. రెండు నిలువుల ఎత్తు. ఎదురంగ మీరు డప్పులు కొట్టుకుంట వస్తరు. గుండు సరిగ తాకితే పులి అక్కడనే పడ్తది. కడుపుల తాకితేనో, కాలికి తాకితేనో... అది దొర దిక్కు పోదు బేటా. వచ్చిన దారినే మర్లుతది. ఆ దారిల ఎవరుంటరు?”

పిల్లగాడు రొట్టె కింద పెట్టాడు.

నేను ఈ కథ రాయడానికి కారణం ఈ మాటే. షికారు పుస్తకాలు గురి గురించి గొప్పగా రాస్తాయి. మూడు వేళ్ల తేడా అంటే గోడ మీద వేలాడే చర్మంలో బొక్క ఎక్కడ పడిందన్న ముచ్చటే వాటికి. హాకా కొట్టేవాడికి ఆ మూడు వేళ్లే ఆయుష్షు. చేతిలో డప్పు, కర్ర తప్ప ఏమీ లేని యాభై మందో, వంద మందో ఎండుటాకుల మీద నడుస్తుంటే, వాళ్ల ప్రాణం ఎవరో ముక్కూమొహం తెలియని దొర తుపాకీ మర మీద, ఎండలో పెట్టిన రేకు పెట్టె మీద ఆధారపడి ఉండేది. ఆ తుపాకీని శ్రద్ధగా చూసినవాడు పులికీ మేలు చేశాడు, వీళ్లకూ మేలు చేశాడు. దొరకు దక్కింది పేరు మాత్రమే.

పొద్దు వాలింది. తూటా తీసి చెంపకు ఆనించుకుని చూశాడు మిస్త్రీ, కుండలో నీళ్లంత చల్లగా ఉంది. అయిదో తూటా కుడిది, ఆరోది ఎడమది. పిల్లగాడు పలక దగ్గరికి ఉరికి, అక్కడే ఎగిరాడు. బొగ్గు గుండ్రంలో రెండు బొక్కలు, మధ్యలో ఒక బొటనవేలు పట్టే సందు.

*

అంతటితో అయిపోయేదే. తోవలో ఆ తుపాకీ గల దొర గుర్రం మీద ఎదురొచ్చాడు, తానూ ఒకసారి కాల్చి చూస్తానన్నాడు. ఇంకో తూటా పేలితే పైవాళ్లతో మాట పడాలి. మిస్త్రీ తలపాగా సర్దుకుని, సలాం చేసి, తుపాకీ విరిచి, పేలిపోయిన ఖాళీ తూటా లోపల పెట్టి, మూసి అందించాడు. దొరకు ఆ సంగతి చెప్పలేదు.

దొర భుజానికి ఎత్తుకున్నాడు. మోదుగుచెట్టుకు గురి పెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మీట ఒక్క గుంజు గుంజాడు. ‘టక్’మంది, అంతే. పేలలేదు కానీ తుపాకీ మూతి మాత్రం జానెడు కిందికి ఊగింది. రాబోయే తన్నుకు భయపడి ఒళ్లు ముందే ముడుచుకుంటుంది. చప్పుడు, తన్ను కలిసి వచ్చినప్పుడు ఆ ఊగుడు ఎవరికీ కనపడదు. ఖాళీ తూటాతో దొరికిపోతుంది. ఇప్పటికీ కాల్పులు నేర్పే చోట్ల కొత్తవాళ్ల మీద ఈ కిటుకే వాడతారు.

పిల్లగాడు నవ్వు ఆపుకోలేక చెట్టు వెనక్కు పోయాడు.

“హుజూర్, మీట జర గట్టిగున్నది. గుంజకుండ మెల్లగ పిండుర్రి. నేను ఈ రాత్రి కొంచెం తేలిక చేస్త.”

మీటలో ఏ దోషమూ లేదు. కానీ దొరతో ‘నీకు భయం’ అని చెప్పే మిస్త్రీ నిజాం రాజ్యంలోనే కాదు, ఎక్కడా పుట్టలేదు. దొర తల పంకించి, తుపాకీ మీద నేరం మోపిన తృప్తితో వెళ్లాడు. పోతూ పోతూ మెల్లగా పిండటం కూడా నేర్చుకుని వెళ్లాడు. ముసలాయనకు కావలసింది అదే.

రాత్రి డేరాలో మిగిలింది చిల్లర పని. కార్డైట్ తూటాల టోపీ మందు వదిలే ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది, నూనెతో పోదు. మరిగే నీళ్లు గరాటుతో పోసి కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాశాడు. తెల్లారి బయలుదేరే ముందు పొడిగా తుడవమని ఆ నూనె గుడ్డనే తుపాకీ మీద గుర్తుగా కట్టాడు. వెనుక గురి రేకులు రెండూ చూశాడు. వందకు ఒకటి, రెండొందలకు ఒకటి. పెట్టెలో ఒరుసుకుని రెండొందల రేకు లేచి నిలబడితే దగ్గరి పులి వీపు మీదుగా గుండు పోతుంది. దాన్ని మడిచి నొక్కాడు. మసక వెలుతురులో కనపడేలా ముందు గురి మీద తెల్లటి బిళ్ల ఎత్తి చూసి మళ్లీ దించాడు.

“తుపాకి బాగైంది” అన్నాడు దీపం తగ్గిస్తూ. “మిగిలింది అల్లా చేతుల ఉన్నది.”

*

ఆ వేటలో పులి పడింది. ఫొటో ఉంది. కర్జన్ సంగతి చిత్రమైనది. యువకుడిగా ఉన్నప్పుడే వెన్ను దెబ్బతిని, జీవితాంతం దానికి పట్టీ బిగించుకుని తిరిగిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు జునాగఢ్ గిర్ అడవికి సింహాల వేటకు పోవలసి ఉండి, అవి కొద్దిగానే మిగిలాయని తెలిసి మానుకున్నవాడూ ఆయనే. మన గుళ్లు, కోటలు కాపాడే 1904 చట్టం తెచ్చిందీ ఆయనే. నెక్కొండ పులుల గురించి మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు. ముప్పైకి పైగా పులులను కొట్టి ‘తీస్ మార్ ఖాన్’ అనిపించుకున్న నిజాం రాజ్యంలో చెప్పేవాడు ఎవడుంటాడు!

పాకాల, ఏటూరునాగారం అడవులు 1950ల మొదట్లో అభయారణ్యాలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పులి వేట నేరమైంది. ఈమధ్య గోదావరి దాటి అడపాదడపా ఒక పులి ఇటువైపు వస్తే అటవీ సిబ్బంది అడుగు గుర్తులు కొలుస్తారు, ఊళ్లో చాటింపు వేయిస్తారు. ఎవరూ మంచె కట్టరు. అలాగే ఉండాలి.

అయినా మిస్త్రీ విద్య చెల్లిపోలేదు. పంటలు తవ్వేసే అడవిపందుల మీద అనుమతి ఉన్న షూటర్లను పిలిపించే పద్ధతి తెలంగాణలో ఉంది. దారి తప్పిన జంతువుకు మత్తు సూది పేల్చే అటవీ పశువైద్యులున్నారు. ఆ సూది తుపాకుల్లో గ్యాస్‌తో పనిచేసే రకానికి ఎండ పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. చలిలో సరిచూసుకుని మిట్టమధ్యాహ్నం పేలిస్తే సూది తగలవలసిన చోట తగలదు. నూట ఇరవై ఏళ్ల కింద తుమ్మచెట్టు కింద బయటపడ్డ రోగమే. ఇప్పటి రైఫిళ్ల మీద దుర్భిణీలు వచ్చాయి, ఆ దుర్భిణీ పట్టే మరలు వదులవుతాయి. తూటాల డబ్బా ఎడ్లబండి మీద కాకుండా జీపు అద్దం కింద మాడుతోంది. చుట్టూ ఊరి జనం గుమిగూడి ఉంటారు కాబట్టి, తప్పితే ఇప్పుడు కూడా నష్టపోయేది తుపాకీ పట్టినవాడు కాదు.

ఆ ఫొటో ప్రతి ఒకటి ఇవాళ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. దాని వివరాల్లో కర్జన్ పేరుంది, మేరీ పేరుంది, ఊరి పేరుంది. డప్పు పట్టుకుని ఆ అడవిలో నడిచినవాళ్ల పేర్లు లేవు. నెక్కొండ, నర్సంపేట, ఖానాపురం, గూడూరు వైపు పాఠకులకు ఒక మనవి. మీ తాతలో, ముత్తాతలో ‘లాటుసాబు షికారుకు హాకా కొట్టిండు’ అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినపడి ఉంటే, ఒక్క పేరైనా సరే, మాకు రాసి పంపండి.